ఆ నంబరు మీకు ఇచ్చిందెవరు?

ఇంటర్నెట్ చిరునామాలు, డొమైన్ పేర్ల గురించి బెంగళూరు పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ వారం జవాబులు.

ప్రశ్న: బొమ్మనహళ్ళిలో మాకు కిరాణా దుకాణం ఉంది. సీసీ కెమెరాల డీవీఆర్‌ని (రికార్డింగ్ పెట్టెని) రౌటర్‌కి కలిపి, బయటినుంచి వచ్చే పిలుపుని దానికి పంపేలా పోర్ట్ ఫార్వర్డింగ్ కూడా పెట్టించాం. దుకాణం వైఫైలో ఫోన్లో చక్కగా కనిపిస్తుంది. మదనపల్లె వెళ్తే మాత్రం ఏం చేసినా తెరుచుకోదు. కెమెరాలు బిగించినతను రౌటర్ మార్చమంటున్నాడు. మార్చాలా?
– కె.ఎల్., బొమ్మనహళ్ళి

జవాబు: ఇప్పుడే మార్చకండి. ముందు ఒక పరీక్ష చేయండి. దుకాణం వైఫైలో ఉండి, రౌటర్ అడుగున చీటీ మీదున్న నంబరుని (చాలావాటికి 192.168.1.1) బ్రౌజర్లో కొట్టి లాగిన్ అవండి. స్టేటస్ పేజీలో 'వ్యాన్ ఐపీ' అని ఉంటుంది, అంటే ఇంటర్నెట్ కంపెనీ వైపు నుంచి మీ రౌటర్‌కి వచ్చిన ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) నంబరు. రాసుకోండి. తర్వాత గూగుల్లో 'వాట్ ఈజ్ మై ఐపీ' అని వెతికి, బయటి ప్రపంచానికి మీరు ఏ నంబరుతో కనిపిస్తున్నారో చూడండి. అక్కడ కోలన్లతో పొడుగ్గా ఏదైనా వస్తే అది ఐపీవీ6. మీకు కావలసింది చుక్కలతో నాలుగు ముక్కలుగా ఉండే ఐపీవీ4 నంబరు.

రెండు నంబర్లూ ఒకటే అయితే లోపం మీ రౌటర్ సెట్టింగుల్లో ఉంది. వేరువేరుగా ఉంటే ఎన్ని రౌటర్లు మార్చినా డబ్బు దండగే.

వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 లోపు ఉన్నా, 10తో మొదలైనా అది మీ ఇంటర్నెట్ కంపెనీ తన లోపలి అవసరానికి ఇచ్చిన నంబరు. ఐపీవీ4 నంబరు 32 బిట్లది కాబట్టి మొత్తం కలిపి సుమారు 429 కోట్లే. ప్రపంచం మొత్తానికి పంచే కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలో అయిపోయింది. మన ఆసియా-పసిఫిక్ ప్రాంతపు సంస్థ ఏప్‌నిక్ కూడా అదే ఏడాది ఏప్రిల్ నుంచి మిగిలిన కాసిన్ని నంబర్లనూ రేషన్ మీద ఇస్తోంది. అందుకే కంపెనీలు బయటికి కనిపించే ఒక్క నంబరు (పబ్లిక్ ఐపీ) వెనక ఎంతోమంది ఖాతాదారుల్ని ఉంచుతాయి. దీన్ని సీజీనాట్ అంటారు. మదనపల్లె నుంచి మీరు పంపే పిలుపు, ఫ్లాట్ నంబరు రాయని పార్సెల్ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఆగినట్టు, కంపెనీ యంత్రం దగ్గరే ఆగిపోతుంది. పోర్ట్ ఫార్వర్డింగ్ అన్నది మీ రౌటర్లో రాసుకున్న ఆదేశం. పిలుపు అక్కడిదాకా వస్తేనే కదా అది పనిచేసేది!

వ్యాన్ ఐపీ 192.168తో మొదలైతే కథ వేరు. కంపెనీవాళ్ళు పెట్టిన ఫైబర్ పెట్టె కూడా రౌటర్‌గానే పనిచేస్తోందన్నమాట. దాన్ని 'బ్రిడ్జ్ మోడ్'లో (రౌటర్ పని మానేసి దారి మాత్రమే ఇచ్చేలా) పెట్టమని అడగండి.

సీజీనాట్‌కి మార్గాలు రెండు. డీవీఆర్ తయారీదారు సొంత యాప్‌లో 'పీ2పీ' లేదా 'క్లౌడ్' ఆన్ చేసి, డీవీఆర్ మీదున్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే సరిపోతుంది. ఇందులో డీవీఆరే లోపలినుంచి బయటి సర్వర్‌ని పలకరిస్తుంది కాబట్టి పబ్లిక్ ఐపీ అవసరం లేదు. దుకాణానికి ఇదే చాలని మా అభిప్రాయం. రెండోది, కంపెనీని 'స్టాటిక్ పబ్లిక్ ఐపీ' అడగడం. దానికి అదనంగా కట్టాలి. ఆ దారిన వెళ్తే డీవీఆర్‌కి కూడా మారని లోపలి నంబరు ఇవ్వాలి. రౌటర్ డీహెచ్‌సీపీ (పరికరాలకి నంబర్లు తానే పంచే ఏర్పాటు) ద్వారా పంచేది 192.168.1.100 నుంచి 199 వరకైతే, డీవీఆర్‌కి 192.168.1.50, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.1 పెట్టండి. పంచే వరసలోని నంబరే పెడితే, ఏదో ఒక రోజు రౌటర్ దాన్ని ఇంకో ఫోన్‌కి ఇచ్చేస్తుంది. అప్పుడు రెండూ కొట్టుకుంటాయి, కెమెరాలు వస్తూ పోతూ ఉంటాయి. పరీక్షించేటప్పుడు ఫోన్లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద చూడండి. తమ లోపలి నుంచే తమ బయటి నంబరుకి వెళ్ళనివ్వని రౌటర్లు చాలా ఉన్నాయి.

పోర్ట్ తెరిచే ముందు ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ తప్పనిసరిగా మార్చండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ సరిగ్గా ఇలాంటి డీవీఆర్‌లనూ, కెమెరాలనూ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే పట్టుకుంది. ఆ ఏడాది అక్టోబర్ 21న వాటన్నిటితో డైన్ అనే డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేరుకి నంబరు చెప్పే) సంస్థ మీద దాడి జరిగితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. వాళ్ళ సర్వర్లు బాగానే ఉన్నాయి. పేరుకి నంబరు చెప్పేవాళ్ళే పడిపోయారు.

ప్రశ్న: మారతహళ్ళిలో మా పీజీలో దాదాపు అరవై మందిమి ఉంటాం. రాత్రి తొమ్మిది దాటితే కొత్తగా వచ్చినవాళ్ళ లాప్‌టాప్‌కి వైఫై కలుస్తుంది కానీ ఇంటర్నెట్ రాదు. ఐపీ 169.254తో మొదలవుతోంది. అప్పటికే కలిసినవాళ్ళకి బాగానే ఉంటుంది.
– ఒక పాఠకురాలు

జవాబు: 169.254 ఎవరూ ఇచ్చిన నంబరు కాదు. డీహెచ్‌సీపీని అడిగి జవాబు రాక, లాప్‌టాప్ తనకు తానే పెట్టుకున్నది. పాతవాళ్ళకి పనిచేస్తోందంటే నంబర్లు నిండుకున్నాయనే లెక్క. అరవై మందికి ఫోనూ, లాప్‌టాపూ కలిపితే 120. పంచే వరస 100 నుంచి 199 దాకా ఉంటే ఉన్నవి నూరే. పైగా ఇప్పటి ఫోన్లు అసలు మ్యాక్ అడ్రస్ (పరికరానికి ఫ్యాక్టరీలో ఇచ్చిన గుర్తింపు నంబరు) దాచి కల్పితమైనది చూపిస్తాయి, కొన్ని దాన్ని మధ్యమధ్యలో మారుస్తాయి కూడా. మార్చినప్పుడల్లా రౌటర్ కొత్త పరికరం అనుకుని ఇంకో నంబరు ఇస్తుంది. పాత నంబరు లీజు గడువు తీరేదాకా ఎవరికీ ఇవ్వదు.

యజమానిని రెండు మార్పులు చేయించమనండి: వరసను 192.168.1.20 నుంచి 250 వరకు పెంచడం, లీజు సమయం 24 గంటలుంటే 2 గంటలకు తగ్గించడం.

అలా చేసినా తీరకపోతే, ఐపీ ఎప్పుడైనా 192.168.1 బదులు 192.168.0తో వస్తోందేమో చూడండి. వస్తే, ఎవరో తమ గదిలో సొంత రౌటర్ పెట్టి గోడలోంచి వచ్చిన కేబుల్‌ని 'వ్యాన్' బదులు 'ల్యాన్' రంధ్రంలో గుచ్చారు. ఆ రౌటర్ కూడా అందరికీ నంబర్లు పంచడం మొదలుపెట్టింది. దాన్ని వెతికి తీయించడం తప్ప మార్గం లేదు.

ప్రశ్న: మా పచ్చళ్ళ వెబ్‌సైట్‌ని కొత్త హోస్టింగ్‌కి మార్చాం. నాకు కొత్తది కనిపిస్తోంది, కొందరికి ఇంకా పాతదే. ఆర్డర్ల ఈమెయిల్స్ కూడా ఆగిపోయాయి.
– ఎస్.వి., కె.ఆర్.పురం

జవాబు: ఇవి రెండు వేర్వేరు తప్పులు.

మొదటిది కాలమే సరిచేస్తుంది. మీ డొమైన్ పేరుకి ఏ నంబరో 'ఏ' రికార్డులో ఉంటుంది. అడిగినవాళ్ళు ఆ జవాబుని ఎంతసేపు దాచుకోవచ్చో 'టీటీఎల్' చెబుతుంది. అది 86400 ఉంటే అన్ని సెకన్లు, అంటే పూర్తిగా ఒక రోజు. అందాకా కొందరు పాత నంబరుకే వెళ్తారు. కాబట్టి పాత హోస్టింగ్‌ని కనీసం వారం ఉంచండి. ఈసారి మార్చేటప్పుడు రెండు రోజుల ముందే టీటీఎల్‌ని 300 చేయండి. మార్చిన తర్వాత తగ్గిస్తే ఫలితం ఉండదు, పాత గడువుతో దాచుకున్నవాళ్ళు ఆ గడువు వరకూ మళ్ళీ అడగరు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్ఎస్‌లుకప్ అని కొట్టి, పక్కన మీ డొమైన్ పేరు, ఆ పక్కన 8.8.8.8 ఇస్తే గూగుల్ డీఎన్ఎస్‌కి తెలిసిన నంబరు వస్తుంది. 1.1.1.1తో క్లౌడ్‌ఫ్లేర్‌ది. రెండూ కొత్త నంబరే చెబితే మీ పని అయినట్టే.

ఈమెయిల్ మాత్రం దానంతటది బాగుపడదు. మీరు 'ఏ' రికార్డు ఒక్కటే కాక నేమ్‌సర్వర్లనే (ఈ రికార్డులన్నీ ఉంచే సర్వర్లనే) మార్చినట్టున్నారు. అప్పుడు పాత చోట ఉన్న రికార్డులేవీ చెల్లవు. ఉత్తరాలు ఏ సర్వర్‌కి వెళ్ళాలో చెప్పే 'ఎంఎక్స్' రికార్డులు, మీ పేరున ఎవరు మెయిల్ పంపవచ్చో చెప్పే 'టీఎక్స్‌టీ' రికార్డులు కొత్త ప్యానెల్‌లో మళ్ళీ అక్షరం పొల్లుపోకుండా రాయాలి. ఇవాళే చేయండి. చాలా సర్వర్లు అందని ఉత్తరాన్ని కొన్ని రోజులు మళ్ళీ మళ్ళీ పంపి చూస్తాయి, ఆ లోపు సరిచేస్తే కొన్ని ఆర్డర్లయినా దక్కవచ్చు.

మీరు అడగకపోయినా ఒక మాట. ఆ డొమైన్ ఎవరి పేరున ఉందో చూసుకోండి. సైటు చేసినతను తన ఈమెయిల్‌తో కొంటే దాని మీద అధికారం అతనిదే అవుతుంది. రెన్యూవల్ హెచ్చరికలూ అతనికే వెళ్తాయి. డాట్‌కామ్ గడువు దాటి రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన సంస్థ) తొలగించాక, 30 రోజులు భారీ రుసుముతో తిరిగి తెచ్చుకోవచ్చు. ఆపైన 5 రోజులకి అది ఎవరైనా కొనుక్కునే సరుకు.

ప్రశ్న: నేను ఉండేది యలహంకలో. కొన్ని వెబ్‌సైట్లు నన్ను చెన్నైలో చూపిస్తున్నాయి. ఫోన్ హ్యాక్ అయిందా?
– ఆర్.ఎం.

జవాబు: లేదు. ఐపీలో ఊరి పేరు ఉండదు. ఏ నంబర్ల గుంపు ఏ ఊళ్ళో వాడుకలో ఉందో కొన్ని కంపెనీలు ఊహించి పట్టికలు తయారుచేస్తాయి. మీ మొబైల్ కంపెనీ ట్రాఫిక్ చెన్నైలో బయటికి వస్తుంటే మీరు అక్కడున్నట్టే కనిపిస్తుంది. ఎవరైనా 'నీ ఐపీ దొరికింది, ఇంటికొస్తా' అని బెదిరిస్తే ఆ నంబరుతో ఇంటి తలుపు దొరకదని తెలుసుకోండి. ఆ క్షణంలో ఆ నంబరు ఏ ఖాతాదారుదో ఇంటర్నెట్ కంపెనీ రికార్డుల్లోనే ఉంటుంది. పోలీసులు చట్టప్రకారం అడిగి తెలుసుకోగలరు. బెదిరింపు వచ్చిన తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి 1930 నంబరుకి గానీ, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ ఫిర్యాదు చేయండి.

ప్రశ్న: బ్యాంకు పేరుతో వచ్చే లింకు అసలుదో కాదో పేరు చూసి చెప్పగలమా?
– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, జయనగర్

జవాబు: చాలావరకు చెప్పగలం. డొమైన్ పేరుని కుడినుంచి ఎడమకి చదవాలండీ. మొదటి ఒంటి గీటు (/) దాకా ఉన్న భాగాన్నే తీసుకుని, చివరి ముక్కతో మొదలుపెట్టండి. అసలు యజమాని ఎవరో చివరి రెండు మూడు ముక్కలే చెబుతాయి. ఎడమవైపు ముక్కల్ని ఆ యజమాని తన ఇష్టం వచ్చినట్టు రాసుకోవచ్చు. కాబట్టి ఎడమన మీ బ్యాంకు పేరు కనిపించడం ఏమీ రుజువు చేయదు. బ్యాంకులకు మాత్రమే ఇచ్చేలా రిజర్వ్ బ్యాంకు 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అనే చివరను ఏర్పాటు చేసి, 2025 అక్టోబర్ 31 లోపు బ్యాంకులన్నీ అందులోకి మారాలని ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చే బాధ్యత హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ సాంకేతిక సంస్థది. చివర అదే ఉండాలి, మధ్యలో కాదు. 'బ్యాంక్-ఇన్' అని అడ్డగీత ఉన్నా, దాని తర్వాత ఇంకో చుక్క పెట్టి మరో ముక్క ఉన్నా నొక్కకండి.