పాత జర్మన్ రైఫిల్ కొనేముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మిలిటేరియా షోల గురించి రాసినప్పటి నుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి, ఎక్కువగా అమెరికాలో ఉన్న మనవాళ్ల నుంచే. కొత్తగా చదువుతున్నవాళ్లకు ఒక్క మాట: పాత యుద్ధాల నాటి యూనిఫాంలు, పతకాలు, హెల్మెట్లు, తుపాకులు టేబుళ్ల మీద పరిచి అమ్మే సంతనే మిలిటేరియా షో అంటారు. ఈసారి జవాబులన్నీ జర్మన్ సైనిక రైఫిళ్ల మీదే.

ప్రశ్న: నేను హెచ్‌1బి మీద డాలస్‌లో ఉంటున్నాను. ఫిబ్రవరిలో లూయీవిల్‌లో జరిగే పెద్ద షోకి వెళదామని ఫ్రెండ్స్ అంటున్నారు. అక్కడ జర్మన్ రైఫిల్ ఏదైనా నచ్చితే కొనొచ్చా? వీసాకి ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు ముందే అడిగారు, చాలా సంతోషం. ఈ విషయం తెలియక ఇరుక్కునే అవకాశం మనవాళ్లకే ఎక్కువ. హెచ్‌1బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధించింది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ చెల్లుబాటులో ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు.

అయితే 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైన తుపాకీ 'యాంటిక్', అంటే ఫెడరల్ చట్టం దృష్టిలో అది తుపాకీ కిందికే రాదు. అందుకే పాత జర్మన్ రైఫిళ్లలో మీరు చూడాల్సినవి మౌజర్ 1871, దాని తర్వాత వచ్చిన 71/84, ఇంకా గెవేర్ 88. చాలామంది పొరపాటు పడేది గెవేర్ 98 దగ్గర. ఆ 98 మోడల్ పేరు మాత్రమే, దాన్ని 1898లో సైన్యం ఆమోదించింది గానీ షోల్లో మీకు కనిపించేవి దాదాపు అన్నీ ఆ తర్వాత తయారైనవే, చాలావాటి మీద 1915, 1916, 1917 అని ఉంటుంది, కాబట్టి అవి యాంటిక్ కావు. 50 ఏళ్లు దాటినవాటికి 'క్యూరియో అండ్ రెలిక్' లైసెన్స్ అని ఒకటుంది, మూడేళ్లకు 30 డాలర్లు, కలెక్టర్లు చాలామంది తీసుకుంటారు, కానీ నిషేధం ఉన్నవాళ్లకు అది పనికి రాదు.

ఇంకో గుర్తు చెబుతాను. రిసీవర్ (బ్యారెల్ వెనక తుపాకీ యంత్రాంగం ఉండే లోహపు భాగం) మీద 'లుడ్విగ్ లోవే, బెర్లిన్' అని ఉంటే అది కచ్చితంగా 1898కి ముందుదే, ఎందుకంటే ఆ కంపెనీ తుపాకుల విభాగం 1890ల చివర్లోనే డీడబ్ల్యూఎం పేరుకు మారిపోయింది. లెక్కలోకి వచ్చేది రిసీవర్ తేదీయే, బ్యారెల్ తర్వాత మార్చినా ఫర్వాలేదు. తూటాల జోలికి మాత్రం వెళ్లకండి, యాంటిక్ రైఫిల్‌కి ఉన్న మినహాయింపు తూటాలకు కూడా ఉందనుకోవద్దు. న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా లాంటి చోట్ల రాష్ట్ర చట్టాలు వేరు. డబ్బు తీసేముందు మీ ఇమిగ్రేషన్ లాయర్‌కి ఒక్క మెయిల్ పెట్టండి. వీసా కంటే విలువైన రైఫిల్ ఏదీ లేదు.

ప్రశ్న: ఒహాయోలో ఒక షోలో 71/84 రైఫిల్ చూశాను. 'ఆల్ మ్యాచింగ్' అని చెప్పి మిగతావాటికంటే చాలా ఎక్కువ ధర చెప్పారు. నిజమో కాదో టేబుల్ దగ్గర నిలబడి ఎలా తేల్చుకోవాలి?

జవాబు: నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న ఇది, కాస్త వివరంగా రాస్తాను.

జర్మన్ ఆయుధాగారాలు ఒక రైఫిల్‌లో చిన్న స్క్రూ దాకా నంబర్ వేసేవి. పెద్ద భాగాల మీద పూర్తి సీరియల్ నంబర్, చిన్నవాటి మీద చివరి రెండు అంకెలు. ఇవన్నీ కలిస్తేనే ఆల్ మ్యాచింగ్. అమ్మే ఆయన్ని అడిగి రైఫిల్ చేతిలోకి తీసుకోండి, అడగకుండా ముట్టుకోవడం అక్కడ పెద్ద తప్పు. ముందు బోల్ట్ (బ్యారెల్‌ని వెనక నుంచి మూసే కడ్డీ) తెరిచి లోపల ఖాళీగా ఉందో లేదో చూడండి, బోల్ట్‌కి ప్లాస్టిక్ టై వేసి ఉంటే దాన్ని తీయమని ఆయన్నే అడగండి. ఎడమ పక్కన గోథిక్ అక్షరాల్లో 'ఐ.జి.మోడ్.71/84' అని ఉంటుంది. కిరీటం గుర్తు కింద స్పాండౌ, డాంజిగ్, ఎర్‌ఫర్ట్, ఆంబెర్గ్ ఇలా తయారైన ఊరి పేరు ఉంటుంది. ప్రైవేటుగా ఓబెర్న్‌డార్ఫ్‌లో మౌజర్ కంపెనీ చేసినవీ ఉన్నాయి.

ఇప్పుడు నంబర్లు. ఫోన్ టార్చ్ పైనుంచి కాకుండా పక్కనుంచి, లోహానికి దాదాపు ఆనించి వేయండి. నూరేళ్ల క్రితం కొట్టిన అంకె అంచులు మెత్తబడి ఉంటాయి, అంకె లోపలి రంగూ చుట్టూ ఉన్న లోహం రంగూ ఒకేలా ముదిరి ఉంటాయి. ఈ మధ్య కొట్టిన అంకె అయితే దాని చుట్టూ సన్నటి గట్టులా లోహం పైకి లేచి వేలికి తగులుతుంది. పాత నంబర్ అరగదీసి కొత్తది కొట్టినచోట కొద్దిగా గుంట పడి ఉంటుంది, పక్కనుంచి వెలుతురు పడితే ఆ గుంట నీడ కనిపిస్తుంది. నా అనుభవంలో మోసం ఎక్కువగా బోల్ట్ మీదే జరుగుతుంది. దళాలు ఆయుధాలు అప్పగించేటప్పుడు బోల్ట్‌లు తీసి వేరే గుట్టగా వేసేవాళ్లు, అందుకే వేరే నంబర్ బోల్ట్ ఉన్న రైఫిళ్లే ఎక్కువ, ఆ ఒక్కదాని నంబర్ 'సరిచేస్తే' ధర ఎక్కడికో వెళ్లిపోతుంది.

తర్వాత కర్ర. బట్ ప్లేట్‌కీ (భుజానికి ఆనే చివర ఉండే లోహపు రేకు) కర్రకీ కలిసే అంచు మీద బొటనవేలు పెట్టి లాగండి. అసలైన కర్ర లోహంతో సమానంగానో ఒక పిసరు ఎత్తుగానో ఉంటుంది. లోహం అంచు గోటికి తగిలితే ఎవరో గరుకు కాగితంతో కర్రని రుద్దేశారని అర్థం. కర్ర మీది ఆమోద ముద్రలు మసకబారి ఉన్నా అదే సంగతి.

బట్ ప్లేట్ మీద దళం ముద్ర ఉంటే మాత్రం ఆగి చదవండి. ఉదాహరణకు '81.ఆర్.5.112' అని ఉందనుకోండి, 81వ పదాతి రెజిమెంట్, 5వ కంపెనీ, 112వ ఆయుధం అని. కొన్నిటి మీద పాత ముద్రని గీతతో కొట్టేసి దాని కింద ఇంకో దళం ముద్ర వేసి ఉంటుంది, అంటే ఆ రైఫిల్ ఒక దళం నుంచి మరో దళానికి మారిందన్నమాట. నంబర్లు ఒకటీ అరా కలవకపోయినా ఇలాంటి చరిత్ర ఉన్న రైఫిల్‌నే నేను ముందు ఎంచుకుంటాను, మార్కెట్ ధర ఏం చెప్పినా సరే. అమ్మే ఆయన నోటితో చెప్పే కథలకు మాత్రం ఒక్క డాలర్ కూడా ఎక్కువ ఇవ్వకండి. కాగితం చూపిస్తే అప్పుడు ఆలోచించండి.

ప్రశ్న: కొన్న రైఫిల్ మీద నల్లగా జిడ్డు, అక్కడక్కడా తుప్పు ఉంది. పాలిష్ పట్టిస్తే బాగుంటుందా?

జవాబు: దయచేసి వద్దు. మెత్తటి గుడ్డ, పల్చటి తుపాకీ నూనె, తుప్పు మీద ఓపికగా రుద్దడం, అంతే. ఇత్తడి సామాను తోమినట్టు తోమితే ముద్రలు పోతాయి, ముద్రలు పోతే మిగిలేది ఇనుప గొట్టమూ కర్రా. కర్రకి వార్నిష్ అసలు వేయొద్దు.

ప్రశ్న: మావారు గెవేర్ 88 కొన్నారు. రిసీవర్ మీద 'ఎస్' అనే అక్షరం ఉంది కాబట్టి ఇప్పటి 8 ఎంఎం తూటాలు వాడొచ్చని ఎవరో చెప్పారట, రేంజ్‌కి తీసుకెళతానంటున్నారు. నాకు భయంగా ఉంది. (షార్లెట్ నుంచి ఓ పాఠకురాలు)

జవాబు: మీ భయమే కరెక్ట్ అమ్మా, ఆయన్ని ఆపండి. 1886లో ఫ్రాన్స్ పొగ రాని తుపాకీ మందుతో లెబెల్ రైఫిల్ తెచ్చేసరికి జర్మనీ హడావుడిగా ఒక కమిషన్ వేసి 1888లో తయారు చేయించిన రైఫిల్ ఇది. అప్పటి తూటాలో గుండు వ్యాసం దాదాపు 8.1 మిల్లీమీటర్లు. 1900ల మొదట్లో వచ్చిన కొత్త 'ఎస్' తూటాలో అది 8.2 దాటింది, పైగా ఒత్తిడీ ఎక్కువ. కొన్ని పాత రైఫిళ్లని కొత్త తూటా పట్టేలా సవరించి ఆ అక్షరం కొట్టారు. అది అప్పటి సైన్యం అప్పటి లోహాన్ని చూసి ఇచ్చిన హామీ. నూట ముప్పై ఏళ్ల తర్వాత, మధ్యలో ఎన్ని దేశాల చేతులు మారిందో తెలియని రైఫిల్‌కి ఆ హామీ ఎవరిస్తారు? ముఖానికి అంగుళాల దూరంలో ఉండే బోల్ట్ ఇది. గోడకి తగిలించి చూసుకోమనండి.

ఆయనకి చరిత్ర ఇష్టమైతే ఇది చెప్పండి. ఈ 88 రైఫిళ్లు చేసినవాళ్లలో పైన చెప్పిన లోవే కంపెనీ ఒకటి, యజమానులు యూదులు. 1892లో హెర్మన్ ఆల్‌వార్ట్ అనే యూదు వ్యతిరేక నాయకుడు, ఆ కంపెనీ కావాలనే జర్మన్ సైనికులకు పాడు తుపాకులు అమ్మిందని కరపత్రం వేశాడు. కోర్టులో ఆరోపణ నిలబడలేదు, అతనికే జైలు శిక్ష పడింది. విద్వేషం ఆగలేదు మరి. రిసీవర్ మీద లోవే పేరు ఉన్న 88 ఎప్పుడైనా చేతికొస్తే నేను ఆ సంగతి గుర్తు చేసుకోకుండా ఉండలేను.

ప్రశ్న: ఈ రైఫిళ్లకీ మన దేశపు సైనికులకీ ఏమైనా సంబంధం ఉందా? (హైదరాబాద్ నుంచి ఓ చరిత్ర విద్యార్థి)

జవాబు: ఉంది. 1914 నవంబర్ మొదటి వారంలో అప్పట్లో జర్మనీ ఏలుబడిలో ఉన్న తూర్పు ఆఫ్రికాలోని టాంగా రేవు దగ్గర బ్రిటిష్‌వాళ్లు భారత సైన్యాన్ని దింపారు. అందులో మద్రాసు సైన్యం నుంచి వచ్చిన 63వ పాలంకోట లైట్ ఇన్‌ఫాంట్రీ, 61వ పయనీర్లు ఉన్నారు, పాత హైదరాబాద్ కంటింజెంట్ నుంచి ఏర్పడిన 98వ ఇన్‌ఫాంట్రీ కూడా ఉంది. ఎదురుగా జర్మన్ అధికారి లెట్టో ఫోర్బెక్ కింద ఉన్న ఆఫ్రికన్ అస్కారీ సైనికుల్లో చాలామంది చేతిలో ఉన్నవి 1871 మోడల్ పాత ఒంటి తూటా రైఫిళ్లు. పేలిస్తే గుప్పున పొగ లేచి ఎక్కడున్నారో శత్రువుకి తెలిసిపోయేది, అయినా గెలిచింది వాళ్లే. సరైన శిక్షణ లేకుండా, ఓడల్లో వారాల తరబడి కుక్కి తెచ్చి దించేసిన మన సైనికులు ఘోరంగా దెబ్బతిన్నారు. మధ్యలో తేనెటీగలు లేచి 98వ దళం మీద పడ్డాయి కూడా. బ్రిటిష్‌వాళ్లు వదిలేసి పోయిన వందల కొద్దీ రైఫిళ్లతో, లక్షల తూటాలతో జర్మన్లు తమ అస్కారీ కంపెనీలు కొన్నిటికి కొత్త ఆయుధాలు సమకూర్చుకున్నారు. మీరు పరిశోధన చేస్తున్నట్టయితే ఈ యుద్ధాన్ని పట్టుకోండి, తెలుగులో దీని గురించి రాసేవాళ్లు కావాలి.

ప్రశ్న: మా పదహారేళ్ల అబ్బాయి రెండో ప్రపంచ యుద్ధం నాటి కె98కె కార్బైన్ (పొట్టి జర్మన్ రైఫిల్) కొనిపెట్టమంటున్నాడు. దాని మీద నాజీల స్వస్తిక ముద్రలున్నాయి. ఇంట్లో పెట్టుకోవడం తప్పు కాదా? (న్యూజెర్సీ)

జవాబు: తప్పో ఒప్పో అది మీరు ఎందుకు పెట్టుకుంటున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. గర్వంగా తగిలించుకోవడానికైతే నేను గట్టిగా వద్దంటాను. చదువుకోవడానికైతే ఆ ముద్రలే పాఠాలు.

జర్మన్లు 1930ల నుంచి కర్మాగారాల పేర్లు దాచడానికి కోడ్లు వాడారు, యుద్ధకాలంలో అవి అక్షరాల కోడ్లయ్యాయి. 'బివైఎఫ్' అంటే ఓబెర్న్‌డార్ఫ్ మౌజర్, 'బిఎన్‌జెడ్' అంటే ఆస్ట్రియాలోని స్టైర్, 'డిఓటి' అంటే ఆక్రమించుకున్న చెక్ నగరం బ్ర్నోలోని కర్మాగారం. 'బిసిడి' అంటే వైమార్‌లోని గుస్ట్‌లోఫ్ సంస్థ. ఈ సంస్థ ఎలా పుట్టిందో అబ్బాయికి తప్పకుండా చెప్పండి. ఝూల్ ఊళ్లో సిమ్సన్ అనే యూదు కుటుంబం నడిపిన ఆయుధ కర్మాగారాన్ని నాజీలు 1930ల మధ్యలో లాక్కున్నారు, కుటుంబం దేశం వదిలి పారిపోయింది, ఆ ఆస్తులతో లేచిందే గుస్ట్‌లోఫ్. 1943లో అదే సంస్థ బుకెన్‌వాల్డ్ కాన్సంట్రేషన్ క్యాంపు పక్కన ఫ్యాక్టరీ పెట్టి ఖైదీల చేత కార్బైన్ భాగాలు చేయించింది. ఆ మూడక్షరాల వెనక ఇంత ఉంది. యుద్ధం తర్వాత 1948లో ఇజ్రాయెల్ ఇవే కె98కెలని చెకోస్లొవేకియా నుంచి కొని వాడింది, నాజీ ముద్రలూ ఇజ్రాయెల్ ముద్రలూ పక్కపక్కనే ఉన్నవి ఇప్పటికీ షోల్లో కనిపిస్తాయి.

కొనే విషయానికొస్తే, ఎస్‌ఎస్ (నాజీ పార్టీ సాయుధ దళం) ముద్రలున్నాయి, స్నైపర్ రైఫిల్ అని చెప్పి ఎక్కువ అడిగితే దూరంగా జరగండి, నకిలీలు ఎక్కువగా ఉన్నది వాటిలోనే. సోవియట్ సైన్యం చేతికి చిక్కినవి చౌక, రిసీవర్ మీద 'ఎక్స్' గుర్తు, కర్రకి ఎర్రటి లక్క పూత ఉంటాయి, మొదటిసారి కొనేవాళ్లకు అవి చాలు. ఇది యాంటిక్ కాదు, మామూలు తుపాకీయే, కాబట్టి కొనడం మీ పేరు మీద, తాళం మీ చేతిలో.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఒక యాంటిక్ జర్మన్ రైఫిల్ కొన్నాడు. వచ్చే సంక్రాంతికి లగేజీలో తెస్తానంటున్నాడు. అక్కడ లైసెన్స్ అక్కర్లేదు కదా? (విజయవాడ)

జవాబు: అక్కడి చట్టం అక్కడే, అబ్బాయికి ఈరోజే ఫోన్ చేసి వద్దని చెప్పండి. మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం వర్తిస్తుంది. పాత నమూనా, పురాతన విలువ ఉన్న ఆయుధాలకు ఆ చట్టంలో మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ మరమ్మతు చేసినా కూడా పేలే స్థితిలో లేనివాటికే అది. షోలో కొన్న రైఫిల్ చాలావరకు పనిచేసే స్థితిలోనే ఉంటుంది. లైసెన్స్, దిగుమతి అనుమతి లేకుండా తెస్తే ఎయిర్‌పోర్టులో కస్టమ్స్, పోలీస్ కేసు రెండూ తప్పవు. బ్యాగు జేబులో మర్చిపోయిన ఒక్క తూటా దొరికినా మన ఎయిర్‌పోర్టుల్లో కేసులు పెట్టిన సందర్భాలున్నాయి. బయొనెట్ (రైఫిల్ కొసకి తగిలించే కత్తి) కూడా వద్దు. మీకు చూపించాలని అంత ముచ్చటగా ఉంటే అదే కాలపు సైనికుల ఫొటోలు, యుద్ధరంగం నుంచి ఇంటికి రాసిన పోస్టుకార్డులు తెమ్మనండి, షోల్లో అవి డబ్బాల నిండా ఉంటాయి, రైఫిల్‌తో పోలిస్తే ధర ఏమంత కాదు.