పాఠకుల ప్రశ్నలు: ‘హెవీ మెటల్’ రెండో సినిమాకి ఆ తిట్లు న్యాయమేనా?

పోయిన నెల ఈ శీర్షికలో యానిమేషన్ గురించి రాస్తూ ‘హెవీ మెటల్ 2000’ పేరు ఒక్క వాక్యంలో ఎత్తి వదిలేశాను. ఆ ఒక్క వాక్యానికే ఉత్తరాలు, మెయిళ్లు వచ్చిపడ్డాయి. కొందరు దాన్ని వెనకేసుకొచ్చారు, ఎక్కువమంది తిట్టారు. అందుకని ఈసారి పేజీ మొత్తం దానికీ, దాని ముందు వచ్చిన 1981 నాటి ‘హెవీ మెటల్’ సినిమాకీ. ముందే చెప్తున్నా, రెండూ పెద్దవాళ్లు మాత్రమే చూడాల్సినవి. రక్తం, నగ్నత్వం, బూతులు అన్నీ ఉన్నాయి.

అన్నా, నేను ‘హెవీ మెటల్ 2000’ చూశాను, రివ్యూల్లో అందరూ చెత్త అంటున్నారు గానీ నాకు బానే అనిపించింది. మొదటిది చూడకపోవడం వల్లేనా? అసలు ఇది దానికి సీక్వెలేనా?
*(బీటెక్ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు)*

నచ్చితే నచ్చినట్టే తమ్ముడూ, దానికి రివ్యూల పర్మిషన్ అక్కర్లేదు. కథ వరకు చూస్తే ఇది సీక్వెల్ కాదు. మొదటి సినిమాలోని మనుషులెవరూ ఇందులో లేరు. పచ్చగా మెరిసే ఒక వస్తువు, అది చేతికొచ్చినవాడికి పిచ్చెక్కడం, చివర్లో కత్తి పట్టిన ఒంటరి స్త్రీ వచ్చి లెక్క తేల్చడం, ఈ మూడు మాత్రం అక్కడి నుంచి తెచ్చుకున్నారు. రెండోదాంట్లో ఆ వస్తువు ఒక స్ఫటికం, అమరత్వం ఇచ్చే ఊట దగ్గరికి దారి చూపే తాళంచెవి లాంటిది. అది దొరికిన టైలర్ అనేవాడు మతి చెడి తానున్న అంతరిక్ష ఓడనంతా గుప్పిట్లోకి తీసుకుంటాడు, ఒక గ్రహం మీద పడి ఊరిని తగలబెడతాడు, జూలీ అనే అమ్మాయి చెల్లెల్ని ఎత్తుకుపోతాడు, జూలీ వాడి వెంటపడుతుంది. అంతే కథ. మన సినిమాల్లో వందసార్లు చూసిన పగ కథే, అంతరిక్షంలో తీశారు.

మొదటిది అలా కాదు. అది కథల సంపుటి. లాక్‌నార్ అనే పచ్చగోళం ఒక చిన్నపిల్లని భయపెడుతూ తన ఘనకార్యాలన్నీ చెప్పుకుంటూ పోతుంది, ఒక్కో ఘనకార్యం ఒక్కో కథ. మన గుంటూరు వైపు పరిషత్తు నాటకాలు చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. రాత్రంతా ఒకే స్టేజీ మీద నాటిక తర్వాత నాటిక పడుతుంది, ఒకటి విసిగిస్తే లేచి టీ తాగొస్తాం, తర్వాతది లేపి కూర్చోబెడుతుంది. సంపుటికి ఆ వెసులుబాటు ఉంది. 2031 నాటి న్యూయార్క్‌లో టాక్సీ తోలేవాడి కథ నచ్చకపోతే, కోర్టులో నిలబడ్డ కెప్టెన్ స్టెర్న్ కథ నచ్చుతుంది (నా ఓటు దీనికే, లంచమిచ్చి తెచ్చుకున్న సాక్షే బోనులో అడ్డం తిరిగి, ఉబ్బి రాక్షసుడై వాణ్ణి తరుముతాడు). అదీ కాదంటే రెండో ప్రపంచ యుద్ధపు బాంబర్ విమానంలో చచ్చిన సిబ్బంది లేచి కూర్చునే కథ ఉంది. రెండో సినిమా ఒక్క కథని పట్టుకుని దాదాపు గంటన్నర లాగింది. ఆ కథ బాగోకపోతే లేచి వెళ్లి కూర్చోడానికి ఇంకో కథ లేదు. నా దృష్టిలో దాని జబ్బు అదొక్కటే, మిగతా తిట్లన్నీ దీని తర్వాతే.

సార్, మొదటి సినిమాలో బొమ్మలు ఒక్కో కథలో ఒక్కోలా ఉన్నాయి. కొన్నిచోట్ల అద్భుతం, కొన్నిచోట్ల మా ఇన్‌స్టిట్యూట్‌లో ఫస్టియర్ వాళ్లు వేసినట్టుంది. డబ్బుల్లేకా?
*(యానిమేషన్ కోర్సు విద్యార్థి, బెంజి సర్కిల్, విజయవాడ)*

డబ్బు తక్కువే, సుమారు 93 లక్షల డాలర్లు. అయితే అసలు కారణం వేరే. దర్శకుడిగా పేరు పడింది జెరాల్డ్ పాటర్టన్‌దే గానీ కథలన్నీ వేర్వేరు స్టూడియోల్లో, వేర్వేరు బృందాలతో ఒకేసారి తయారయ్యాయి. పైగా ఆ కథల్లో కొన్ని అప్పటికే ‘హెవీ మెటల్’ అనే అమెరికా పత్రికలో వచ్చిన బొమ్మల కథలు. రిచర్డ్ కోర్బెన్ గీసిన డెన్ అనే కథ ఒక తీరు, బెర్నీ రైట్సన్ గీసిన స్టెర్న్ ఇంకో తీరు. వాటిని ఒకే గీతలోకి దింపకుండా ఎవరి చెయ్యి వాళ్లకి వదిలేశారు. నువ్వు లోపం అంటున్నదే ఆ సినిమాకి ప్రాణం అంటాను నేను.

చివరి కథ తార్నాలో (ఆ కత్తి పట్టిన ఒంటరి స్త్రీ పేరే తార్నా) నడక, ఒళ్లు విరుపు అంత సహజంగా ఉండడానికి కారణం రోటోస్కోప్. ముందు నిజం మనిషితో నటింపజేసి షూట్ చేస్తారు, ఆ ఫిల్మ్‌ని ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ కింద పెట్టుకుని పైన గీతలు గీస్తారు. మాక్స్ ఫ్లైషర్ 1915 ప్రాంతంలో కనిపెట్టిన పద్ధతి, అప్పటికే పాతది. సులువు పని అనుకుంటారు గానీ కాదు, గీసేవాడు ప్రతి ముడతా దింపేస్తే బొమ్మ బతకదు, ఏది వదిలేయాలో తెలియాలి. తార్నాలో ఈ తేడా బాగా కనిపిస్తుంది, దూరపు షాట్లలో ఆ అమ్మాయి ఒళ్లు బరువుగా నిజంగా కదులుతుంది, దగ్గరికొచ్చేసరికి మొహం బిగుసుకుపోతుంది. మీ సార్‌ని అడిగి తార్నా ఎక్కి తిరిగే పక్షి ఎగిరే సీన్లు క్లాసులో వేయించుకో.

రెండోదాన్ని మాంట్రియల్‌లోని సినెగ్రూప్ స్టూడియో తీసింది. మనుషుల్ని చేత్తో గీసి, ఓడల్నీ యంత్రాల్నీ కంప్యూటర్‌తో చేసి కలిపారు. 2000లో ఆ అతుకు ఎవరికీ సరిగ్గా కుదరలేదు, వీళ్లకీ కుదరలేదు. ఓడ తళతళలాడుతూ ఒక సినిమాలో ఉంటుంది, అందులో ఎక్కిన మనిషి ఇంకో సినిమాలో ఉంటాడు.

నేను రిటైర్డ్ ఉద్యోగిని. ఎనభైల చివర్లో ఏలూరు రోడ్డు చుట్టుపక్కల క్యాసెట్ షాపులన్నీ తిరిగాను, ఈ సినిమా దొరికితే ఒట్టు. షాపువాళ్లు ‘అలాంటి సినిమా లేదు సార్’ అనేవారు. బ్యాన్ చేశారా?
*(గవర్నర్‌పేట, విజయవాడ)*

బ్యాన్ కాదండీ, పాటలు. అందులో బ్లాక్ సబాత్, సామీ హేగర్, బ్లూ ఆయిస్టర్ కల్ట్, డీవో, చీప్ ట్రిక్ ఇలా చాలామంది పాటలున్నాయి. థియేటర్ వరకు హక్కులు తీసుకున్నారు, వీడియో హక్కుల సంగతి తేలలేదు. దాంతో 1981 ఆగస్టులో విడుదలైన సినిమా వీడియో క్యాసెట్‌గా బయటికొచ్చింది 1996లో. అమెరికాలోనే షాపుల్లో లేనిది మన ఏలూరు రోడ్డుకి ఎలా వస్తుంది? మీరు అడిగిన షాపువాళ్లు నిజమే చెప్పారు.

విచిత్రం ఏంటంటే ఈ లేకపోవడమే దానికి పేరు తెచ్చింది. అక్కడ అర్ధరాత్రి ఆటల్లోనో, కేబుల్‌లో ఎప్పుడో వేసినప్పుడో చూసినవాళ్లు చూడనివాళ్లకి చెప్పడం, చెప్పేటప్పుడు కాస్త పెంచి చెప్పడం. పదిహేనేళ్లు అలా నోటి మాట మీద పెరిగిన సినిమాకి సీక్వెల్ తీయడమంటే మామూలు టెన్షన్ కాదు, ఎందుకంటే పోటీ ఆ సినిమాతో కాదు, జనం తలల్లో ఉన్న సినిమాతో. 1996లో క్యాసెట్ వచ్చాక ఆసక్తి మళ్లీ రేగింది, 4 ఏళ్లకి రెండోది తయారైంది. అది అమెరికాలో ఎక్కువగా నేరుగా వీడియోకే పోయింది. మొదటిది దొరక్క పేరు తెచ్చుకుంటే, రెండోది షాపుల్లో అరల మీద కూర్చుని పేరు పోగొట్టుకుంది.

రెండు సినిమాలూ చూశాను. ఆడవాళ్లని చూపించిన తీరు గురించి మీ కాలమ్‌లో ఎప్పుడూ ఒక్క ముక్క రాయరేం? తార్నా ఒక్క మాట మాట్లాడదు, ఒంటి మీద గుడ్డ మాత్రం సరిగ్గా ఉండదు. దాన్ని పట్టుకుని వారసత్వం, కళాఖండం అంటారా?
*(లెక్చరర్, లక్ష్మీపురం, గుంటూరు)*

మేడమ్, మీ కోపం న్యాయమైనదే. మొదటి సినిమాలో చాలా కథలు పదిహేనేళ్ల కుర్రాడి పగటికలలు, డెన్ కథ అయితే అక్షరాలా అదే, బక్కపల్చటి కుర్రాడు ఇంకో లోకంలో కండలవీరుడై లేస్తాడు, ఎదురొచ్చిన ఆడవాళ్లందరూ వాడి కోసమే ఉంటారు. కోర్బెన్ దాన్ని కొంత వెటకారంగానే గీశాడని వాదించేవాళ్లున్నారు. ఆ వెటకారం నాకు కొద్దిగానే కనిపించింది.

తార్నా విషయంలో మాత్రం మీతో సగమే ఏకీభవిస్తాను. ఆమె మౌనం నాకు ఇబ్బందిగా అనిపించలేదు, ఫ్రెంచి చిత్రకారుడు మోబియస్ పక్షి మీద తిరిగే వీరుడి కథలు మాటల్లేకుండానే గీశాడు, ఈ కథకి మూలం అక్కడుంది. ఇబ్బంది అల్లా కెమెరా. ఆమె యుద్ధానికి సిద్ధమయ్యే సీను అంతసేపు ఎవరి కోసం తీశారో అందరికీ తెలుసు. రెండో సినిమా చేసిన పని ఏంటంటే ఆ సీనునే వారసత్వం అనుకుంది. జూలీ పాత్రని నటి, మోడల్ జూలీ స్ట్రెయిన్ రూపాన్ని బట్టి గీశారు, గొంతు కూడా ఆమెదే. అప్పట్లో ఆమె భర్త కెవిన్ ఈస్ట్‌మన్, ఈ సినిమాకి ఆధారమైన ‘ద మెల్టింగ్ పాట్’ అనే బొమ్మల నవల రాసినవాళ్లలో ఒకరు, 1992లో పత్రికనే కొనేసిన మనిషి. జూలీకి మాటలున్నాయి, పగ ఉంది, చెల్లెలుంది, తార్నా కంటే ఎక్కువే ఇచ్చారు. అయినా మీరన్న లెక్కలో ఒక్క అడుగు ముందుకి పడలేదు, 19 ఏళ్ల తర్వాత తీసిన సినిమాకి అది ఇంకా పెద్ద తప్పు.

పదో తరగతి చదివే మా వాడు రాత్రి ఫోన్‌లో కార్టూన్ చూస్తున్నాడని ఊరుకున్నాను, తీరా చూస్తే ఇదీ! బొమ్మలే కదమ్మా అంటాడు. తిట్టాలా, వదిలేయాలా?
*(గృహిణి, పటమట, విజయవాడ)*

తిట్టకండి, అలాగని వదిలేయనూ వద్దు. అమెరికాలో ఈ రెండు సినిమాలకీ ఇచ్చింది ఆర్ రేటింగ్, అంటే 17 ఏళ్లు నిండని పిల్లలు పెద్దవాళ్లు తోడు లేకుండా చూడకూడదని. మన దగ్గర 2021లో వచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీలన్నీ సినిమాకి యు, 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్, ఎ అని వయసు చూపించాలి, 13 ప్లస్ నుంచి పైవాటికి లాక్ పెట్టుకునే వీలు ఇవ్వాలి. ఆ లాక్ పెట్టుకోండి, మీవాడికి తెలిసిన నంబరు మాత్రం పెట్టకండి. ఆ తర్వాత వాడికి అందులో ఏం నచ్చిందో అడగండి, అంతరిక్షమా, బొమ్మలా, ఇంకొకటా. బొమ్మలే అంటే ఆ వయసుకి తగినవి బోలెడున్నాయి. ఈస్ట్‌మన్ ఇంకొకరితో కలిసి సృష్టించిన నింజా తాబేళ్లు మీవాడు చిన్నప్పుడు టీవీలో చూసే ఉంటాడు. ఒకే చేతి నుంచి రెండు రకాలూ వస్తాయని ఇంట్లో పెద్దవాళ్లకి తెలియకపోవడం వల్లే ‘బొమ్మలే కదా’ అన్న మాట పనిచేస్తోంది.

గురువుగారూ, వారసత్వం వారసత్వం అంటున్నారు, ఇంతకీ ఇప్పుడు ఎక్కడుంది అది? మనవాళ్లు అలాంటిది తీయగలరా?
*(డిస్ట్రిబ్యూషన్ ఆఫీసు ఉద్యోగి, గాంధీనగర్, విజయవాడ)*

నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. దర్శకులు డేవిడ్ ఫించర్, టిమ్ మిల్లర్ కలిసి 2008 ప్రాంతంలో ‘హెవీ మెటల్’ని మళ్లీ సంపుటిగా తీద్దామని స్టూడియోల చుట్టూ తిరిగారు, పని జరగలేదు. హక్కులు 2011లో రాబర్ట్ రోడ్రిగ్జ్ చేతికెళ్లాయి. చివరికి ఆ ఇద్దరూ పేరు వదిలేసి ఆలోచన ఉంచుకున్నారు, 2019లో ‘లవ్, డెత్ అండ్ రోబోట్స్’ వచ్చింది, మొదటి విడతలోనే 18 చిన్న కథలు, వేర్వేరు స్టూడియోలు, వేర్వేరు గీతలు. 1981 సినిమాకి అసలైన రెండో భాగం ఇదే అంటాను, పేరు లేకపోయినా. దాంట్లోనూ సగం కథలు మామూలువే, మళ్లీ అదే పరిషత్తు లెక్క.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే అసలు విత్తనం 1974 చివర్లో పారిస్‌లో మొదలైన ‘మెతాల్ ఉర్లాఁ’ పత్రిక, అమెరికా పత్రిక 1977లో దాని హక్కులు తీసుకుని పుట్టిందే. ‘ఏలియన్’ సినిమా రాసిన డాన్ ఒబానన్ ఆ ఫ్రెంచి పత్రికకి మోబియస్‌తో కలిసి ఒక డిటెక్టివ్ కథ చేశాడు, అందులోని కిక్కిరిసిన నగరం ‘బ్లేడ్ రన్నర్’ సినిమాలోని నగరానికి ఒక ఆధారం. బాంబర్ విమానం కథ రాసింది కూడా ఇతనే.

మనవాళ్ల సంగతి అంటారా, బొమ్మలు గీసే చేతులకి మనకి ఎప్పుడూ కరువు లేదు, వడ్డాది పాపయ్య గారి ‘చందమామ’ అట్టలు చూసి పెరిగిన ప్రాంతం ఇది. 2024లో ‘కల్కి 2898 ఏడీ’కి ముందు రెండు ఎపిసోడ్ల యానిమేషన్ వదిలారు, 2025లో ‘మహావతార్ నరసింహ’ని పెద్దవాళ్లు టికెట్ కొనుక్కుని థియేటర్‌లో చూశారు. అంటే బొమ్మల సినిమాకి జనం రారన్న మాట ఇక మీ గాంధీనగర్‌లో ఎవరూ అనలేరు. లేనిదల్లా చిన్న కథలు పదింటిని పదిమందికి పంచి, ఎవరి తీరు వాళ్లని గీయనిచ్చే నిర్మాత. ఆ మాట మీరే మీ ఆఫీసులో కదపండి.

రెండిట్లో ఒకటే చూసే టైముంది. ఏది?
*(పేరు రాయలేదు, తెనాలి)*

మొదటిది. అందులోనూ స్టెర్న్, బాంబర్ విమానం, తార్నా చాలు. రెండోదాంట్లో టైలర్‌కి మైకేల్ ఐరన్‌సైడ్ ఇచ్చిన గొంతు కోసం ఒక అరగంట వినొచ్చు, చూడక్కర్లేదు.