టెక్ సందేహాలు: పాత స్పీకర్లు కొనేముందు సౌండ్ తగ్గించి వినండి

సందేహం: సార్, ఓఎల్ఎక్స్‌లో తార్నాక ఆయన ఒకరు పాత బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జత అమ్మకానికి పెట్టారు. కొని పన్నెండేళ్లయిందట, కానీ ఎక్కువ వాడలేదట. 14 వేలు చెబుతున్నారు. "ఒకసారి ఇంటికొచ్చి వినండి, కిటికీ అద్దాలు అదిరిపోతాయి" అంటున్నారు. వెళ్తే ఏమేం చూసుకోవాలి? – ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: అద్దాలు అదిరినంత మాత్రాన స్పీకర్ బాగున్నట్టు కాదు. సౌండ్ బాగా పెంచితే చిన్న చిన్న లోపాలు ఆ హోరులో కలిసిపోతాయి. అందుకే వినడం చివర్లో పెట్టుకోండి. ముందు కళ్లతో చూడండి, వేళ్లతో తాకండి. పగటి వెలుతురులో వెళ్తే మంచిది.

మొదట ముందున్న జాలీ తీయమని అడగండి. చాలా మోడళ్లలో చేత్తో మెల్లగా లాగితే వచ్చేస్తుంది. తీయడానికి ఆయన ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపేయండి. జాలీ తీశాక పెద్ద స్పీకర్, అంటే వూఫర్, దాని కోన్ (అదిరి శబ్దం చేసే గరాటులాంటి భాగం) చుట్టూ ఒక మెత్తటి అంచు కనిపిస్తుంది. దీన్నే సరౌండ్ అంటారు. రబ్బరుదో, గుడ్డదో అయితే చాలా ఏళ్లు మన్నుతుంది. ఫోమ్‌దైతే మాత్రం జాగ్రత్త. తేమకు, ఎండకు, గాలిలోని ఓజోన్‌కు ఫోమ్ మెల్లమెల్లగా చివికిపోతుంది. పది పదిహేనేళ్లకు పొడిపొడిగా రాలడం మొదలవుతుంది. వాడినా, అటక మీద ఊరికే పెట్టినా అంతే. కాబట్టి "ఎక్కువ వాడలేదు" అన్న మాటను చూసి ధర పెంచి ఇవ్వక్కర్లేదు. వేలి కొసతో అంచును తాకి చూడండి. జిగటగా అంటుకున్నా, పొడి రాలినా, పగుళ్లు కనిపించినా దాని పని అయిపోయినట్టే.

అంతమాత్రాన స్పీకర్ మొత్తం పనికిరాదని కాదు. ఫోమ్ ఒక్కటే మార్చుకోవచ్చు. కోఠి గుజరాతీ గల్లీలో ఆడియో సామాను దుకాణాల్లో అడిగితే ఈ పని చేసేవాళ్ల ఆచూకీ తెలుస్తుంది. కొత్త ఫోమ్ సైజు, మెత్తదనం పాతదానితో సరిపోవాలి, లేకపోతే బేస్ మారిపోతుంది. అందుకే ఖర్చు ఎంతో ముందే కనుక్కుని, ఆ మొత్తాన్ని ధరలోంచి తగ్గించమని అడగండి.

తర్వాత ఆంప్లిఫయర్ ఆపేసి, కోన్ మధ్య గుబ్బకు రెండు పక్కలా వేళ్లు సమంగా ఆనించి కొద్దిగా లోపలికి నొక్కి వదలండి. మెత్తగా వెళ్లి రావాలి. గరగరమని రాపిడి వినిపిస్తే లోపలి వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) కాలో, పక్కకు జరిగో అయస్కాంతానికి తగులుతోందని అర్థం. ఇది ఫోమ్ మార్చినంత తేలిగ్గా తేలే పని కాదు. ఆ జత వదిలేయమనే చెబుతాను. చిన్న స్పీకర్ ట్వీటర్‌ను మాత్రం పొరపాటున కూడా నొక్కొద్దు. దాని గుబ్బ సొట్టపోయి ఉందేమో చూస్తే చాలు.

మల్టీమీటర్ ఉంటే వెంట తీసుకెళ్లండి. ఆంప్లిఫయర్ వైర్లు ఊడదీసి స్పీకర్ టెర్మినళ్ల (వెనక వైర్లు తగిలించే చోట్ల) దగ్గర ఓంలు, అంటే కరెంటుకు ఎదురయ్యే నిరోధం, చూడండి. 8 ఓంల స్పీకర్ దాదాపు 5.5 నుంచి 7 వరకు, 4 ఓంలది 3 నుంచి 3.5 వరకు చూపిస్తుంది. రెండు స్పీకర్లూ దగ్గరదగ్గర ఒకే అంకె చూపించాలి. మీటర్ అసలు కదలకపోతే కాయిల్ కాలిపోయి ఉండొచ్చు, లేదా లోపల వైరు తెగి ఉండొచ్చు. అయితే దీంతో ట్వీటర్ సంగతి తెలియదు. దాని దారిలో ఉండే కెపాసిటర్ మీటర్ కరెంటును అడ్డుకుంటుంది. కాబట్టి పాట చిన్నగా పెట్టి, రెండు ట్వీటర్ల దగ్గరా ఒక్కొక్కదానికి చెవి ఆనించి వినాల్సిందే.

ఇక వినే పని. ఆయన ఎంచిన పాట వద్దు. మీ ఫోన్లోంచి మీకు కంఠతా వచ్చిన పాట పెట్టండి, ఇంట్లో మామూలుగా మాట్లాడుకునేంత సౌండ్‌లో. నేనైతే పాత ఘంటసాల పాటతో మొదలుపెడతాను. కొత్తగా స్టీరియో హంగులు కలిపినది కాకుండా రెండు స్పీకర్లలోనూ ఒకేలా వినిపించే అసలు మోనో రికార్డింగ్ వెతుక్కోండి. రెండు స్పీకర్లకూ సమాన దూరంలో కూర్చుంటే గొంతు సరిగ్గా మధ్యలోంచి రావాలి. ఒక పక్కకు లాగుతుంటే రెండు స్పీకర్ల చోట్లూ మార్చి చూడండి. స్పీకర్‌తో పాటు లోపం కూడా అటు మారితే తప్పు స్పీకర్‌దే. మారకపోతే ఆంప్లిఫయర్‌దో, గదిదో. గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా చెదిరిపోయి, బేస్ కూడా పలచబడితే ఒకదానికి ప్లస్, మైనస్ వైర్లు తిరగబడ్డాయేమో చూడండి. సరిచేయగానే కుదురుకుంటే టెన్షన్ అక్కర్లేదు. ఫోన్‌లో ఉచితంగా దొరికే టోన్ జనరేటర్ యాప్‌తో 40 హెర్ట్జ్ నుంచి పైకి, చిన్న సౌండ్‌లోనే, మెల్లగా పెంచుకుంటూ వెళ్లండి. ఎక్కడైనా బర్రుమంటే బాక్సు అతుకో, కోనో వదులైందన్నమాట.

మన హైదరాబాద్‌లో మరో సంగతి ఉంది. 2020 అక్టోబరు వరదల్లో ఎన్నో కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. స్పీకర్ బాక్సులు ఎక్కువగా ఎండీఎఫ్ చెక్కతో (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలకతో) చేస్తారు. అది ఒకసారి నీటికి ఉబ్బితే ఆరినా మళ్లీ మామూలుగా మారదు. బాక్సు తిరగేసి అడుగు అంచులు చూడండి. వెనక స్క్రూలకు తుప్పు, ముక్కిపోయిన వాసన ఉన్నా అనుమానించాలి.

మోడల్ పేరు రాయలేదు కాబట్టి 14 వేలు ఎక్కువో తక్కువో చెప్పలేను. అదే స్థాయి కొత్త జత ధరలో సగం దాటితే మాత్రం పన్నెండేళ్లవి కొనొద్దంటాను. అడ్వాన్స్ పంపొద్దు. విన్నాకే డబ్బులివ్వండి.

సందేహం: ఎర్రగడ్డ ఆదివారం సంతలో పెద్ద బ్లూటూత్ పార్టీ స్పీకర్ 2,500కే ఇస్తామంటున్నారు. పైకి కొత్తదానిలా ఉంది. తీసుకోవచ్చా? – ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: వీటిలో ముందు ముసలిదయ్యేది బ్యాటరీ. లిథియం బ్యాటరీ కొన్ని వందలసార్లు చార్జ్ అయ్యాక శక్తి తగ్గడం మామూలే. చార్జర్ లేకుండా, సౌండ్ ముప్పావు వంతు పెట్టి, బేస్ ఎక్కువున్న పాట పది నిమిషాలు నడపమనండి. బేస్ దరువు పడ్డప్పుడల్లా ఆగిపోతే బ్యాటరీ అయిపోవచ్చిందనుకోండి. బాడీ అతుకుల దగ్గర ఉబ్బు కనిపిస్తే ఎంత చవకైనా వద్దు, అలాంటిదాన్ని చార్జింగ్‌కే పెట్టకూడదు. చార్జింగ్ పిన్ వదులుగా ఉందేమో, మీ ఫోన్‌కు వెంటనే కలుస్తోందో లేదో కూడా అక్కడే చూసుకోండి. సంతలో ఇవన్నీ చూడనివ్వకపోతే ఆ డబ్బుతో వారంటీ ఉన్న చిన్న కొత్త స్పీకర్ కొనుక్కోవడమే మేలు.

సందేహం: మా ఆంప్లిఫయర్ వెనక 6–16 ఓంలు అని ఉంది. నాకు దొరికిన పాత స్పీకర్లు 4 ఓంలవి. కలపొచ్చా? – ఒక పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: వద్దు. ఓంలు తగ్గేకొద్దీ స్పీకర్ ఎక్కువ కరెంటు లాగుతుంది. చిన్న సౌండ్‌లో నడిచినట్టే ఉన్నా, పెంచేసరికి ఆంప్లిఫయర్ వేడెక్కి ఆగిపోవచ్చు, పాడవ్వొచ్చు కూడా. 6 లేదా 8 ఓంలవి వెతకండి. 8 ఓంలవి దొరికినా, ఒకే ఛానెల్‌కు (ఎడమకో, కుడికో) రెండింటిని పక్కపక్కన ప్యారలల్‌గా కలిపితే మళ్లీ 4 ఓంలే అవుతాయి. ఛానెల్‌కు ఒక్కటే కలపండి.