పైకి లేచే వంతెన ఎండకు ఎందుకు ఇరుక్కుంటుంది?

కృష్ణపట్నం లాంటి రేవులో ఓడ వచ్చినప్పుడు రెండుగా విడిపోయి లేచే రోడ్డు వంతెన కడితే, మన రోహిణి కార్తె ఎండలకు తట్టుకుంటుందా అని ప్రశ్న. తట్టుకుంటుంది, కాకపోతే రెక్కల (లేచే రెండు సగాల) కొసల మధ్య సందు ముందే లెక్కగట్టి వదలాలి.

ఉక్కు డిగ్రీకి, మీటరుకు 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. 30 మీటర్ల రెక్క 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 11 మిల్లీమీటర్లు పెరుగుతుంది. నెల్లూరు మిట్టమధ్యాహ్నపు ఎండలో ఉక్కు గాలికన్నా ఎక్కువ కాలుతుంది కాబట్టి ఇదేం అతి లెక్క కాదు. కొసలు ఒరుసుకుంటే మధ్యలో ఉండే తాళం కడ్డీ బిగుసుకుపోతుంది. ఆ కడ్డీ పూర్తిగా బయటికి వచ్చేదాకా ఇంటర్‌లాక్, అంటే ఒక పని పూర్తయ్యేదాకా తర్వాతి పనిని ఆపే భద్రతా ఏర్పాటు, మోటారును తిరగనివ్వదు. న్యూయార్క్‌లో అడ్డంగా తిరిగే థర్డ్ అవెన్యూ వంతెన 2024 జులైలో వేడికి సాగి, మళ్లీ మూసుకోలేకపోయింది. పడవల నుంచి నీళ్లు చిమ్మి చల్లార్చారు.

లేపడానికి పెద్ద మోటారేం అక్కర్లేదు. వెనకున్న ఎదురు బరువు త్రాసులా రెక్కను తూస్తుంది. మోటారు రాపిడిని, గాలిని గెలిస్తే చాలు. అందుకే రోడ్డు మీద కొత్త తారు పొర వేసినప్పుడల్లా ఎదురు బరువు సరిచేయాలి. మరమ్మతుల్లో తేలిగ్గా మరిచిపోయేది ఇదే.

వంతెన లేపే వరుస మామూలే: ఎర్ర సిగ్నల్, గేట్లు, వంతెన ఖాళీ అయిందో లేదో చూడడం, తాళం తీయడం, లేపడం. ఉప్పుగాలికి దూలాలకన్నా రెక్క, తాళం ఎక్కడిదాకా వచ్చాయో చెప్పే లిమిట్ స్విచ్‌ల మీదే ఎక్కువ కన్నేసి ఉంచాలి.