పురుగులు, సాలీళ్లు నిజంగా తెలివిగా వేటాడతాయా?

వేటాడతాయి. గూడు అల్లి ఎదురుచూడటమే సాలీడు పని అనుకుంటాం గానీ, పోర్షియా అనే గెంతే సాలీడు ఎక్కువగా తోటి సాలీళ్లనే తింటుంది. అవతలి గూటి అంచుకు చేరి కాళ్లతో దారాలను మెల్లగా మీటుతుంది. ఏదో పురుగు చిక్కి గింజుకుంటోందనుకుని గూటి యజమాని దగ్గరికొస్తుంది. రాకపోతే మీటే తీరు మార్చి మార్చి చూస్తుంది. దేనికైతే అవతలిది కదిలిందో దాన్నే మళ్లీ మళ్లీ వాయిస్తుంది. గాలికి గూడు ఊగుతున్నప్పుడు చూసుకుని ముందుకు నడుస్తుంది, ఆ ఊపులో తన అడుగుల కదలిక తెలియదు మరి. నేరుగా వెళ్లే వీల్లేకపోతే చుట్టుదారి పడుతుంది. మధ్యలో ఎర కనబడకుండా పోయినా దాన్ని మర్చిపోదు. ఆవగింజంత మెదడుతో ఈ పన్నాగాలన్నీ! నా దృష్టిలో ఈ చిన్న వేటగాళ్లందరిలో మొనగాడు ఇదే.

తూనీగది వేరే పద్ధతి. ఎర వెనకాల పడి తరమదు. అది ఎటు వెళ్తోందో లెక్కగట్టి, ఆ దారికి అడ్డంగా వెళ్లి, గాల్లోనే కాళ్లతో ఒడిసిపడుతుంది. పరిశోధకులు గమనించినప్పుడు పదింట తొమ్మిదికి పైగా దాడులు ఫలించాయి. సింహాలకు ఎక్కువసార్లు ఎర తప్పిపోతుందని గుర్తుంచుకోండి.

బోలాస్ సాలీడైతే వేటకు గూడే అల్లదు. ఆడ దీపపు పురుగులు మగవాటిని పిలవడానికి వదిలే వాసన లాంటిదే తానూ వదులుతుంది. ఆశపడి వచ్చినవాటి మీదికి, దారం చివర వేలాడదీసిన జిగురు బొట్టును విసిరి అంటిస్తుంది. అందుకే ఎదిగిన బోలాస్‌కు దొరికే దీపపు పురుగులన్నీ మగవే.