బౌద్ధం మీద డాక్యుమెంటరీ: ఇంటర్వ్యూలు ఉపన్యాసాల్లా వస్తుంటే...

ప్రశ్న: జర్నలిజం డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఆధ్యాత్మికత, బౌద్ధం అంశంగా డాక్యుమెంటరీ తీస్తున్నాను. ఇద్దరు భిక్షువులతో, ఇద్దరు గృహస్థులతో మాట్లాడాను. నాలుగు ఇంటర్వ్యూలూ ఉపన్యాసాల్లాగే వచ్చాయి. లోపం ఎక్కడుంది? ఈ పనినే వృత్తిగా ఎంచుకోవచ్చా?

జవాబు: లోపం చాలావరకు ప్రశ్నల్లోనే ఉంటుంది. ‘నిర్వాణం అంటే ఏమిటి?’ అని అడిగితే, ఎన్నో ఏళ్లుగా చెబుతూ వచ్చిన పాఠాన్నే వాళ్లు మళ్లీ చెబుతారు. ‘ఈ ఉదయం ధ్యానానికి కూర్చున్నాక మొదటి ఐదు నిమిషాలు ఎలా గడిచాయి?’, ‘కాళ్లు తిమ్మిరెక్కితే ఏం చేస్తారు?’, ‘చీవరం (భిక్షువుల వస్త్రం) ధరిస్తానన్నప్పుడు అమ్మ ఏమంది?’ అని అడిగి చూడండి. జవాబు గుర్తుచేసుకుని చెప్పాలి కాబట్టి మాట నెమ్మదిస్తుంది, ముఖం మారుతుంది. మీకు కావాల్సింది ఆ క్షణమే. జవాబు ముగిసిందనిపించాక మనసులో ఐదు లెక్కపెట్టాకే తర్వాతి ప్రశ్న వేయండి. చాలామంది అసలు మాట ఆ మౌనంలోనే చెబుతారు.

ఒక ప్రశ్న మాత్రం భిక్షువులను అడగకండి: ‘మీరు ఏ స్థాయికి చేరుకున్నారు?’ లేని సిద్ధిని ఉన్నట్టు చెప్పుకుంటే భిక్షు సంఘం నుంచి బహిష్కరణే. నిజంగా సాధించినదైనా గృహస్థుల ముందు చెప్పుకోవడాన్ని ‘వినయం’ అనే భిక్షువుల నియమావళి దోషంగానే చూస్తుంది. భిక్షువు మాట దాటేస్తే అది మొహమాటమో అణకువో అనుకోకండి, నియమం పాటిస్తున్నారంతే.

మాటల దగ్గరా జాగ్రత్త కావాలి. ‘ఆధ్యాత్మికత’ అన్న పదంలోనే ‘ఆత్మ’ ఉంది. బౌద్ధం చెప్పేది అనాత్మ, అంటే శాశ్వతమైన ఆత్మ లేదని. ‘మీ ఆధ్యాత్మిక ప్రయాణం చెప్పండి’ అని మొదలుపెడితే, బాగా చదువుకున్నవారు ఆ పదాన్ని సరిచేయడానికే పది నిమిషాలు తీసుకుంటారు. ‘సాధన’ అనండి. ఇంకా మేలైన పద్ధతి, దాన్ని వాళ్లు ఏమని పిలుస్తారో ముందురోజే ఫోన్లో అడిగి ఆ మాటే వాడటం. బౌద్ధ శాఖల్లో ఎదుటివారిది థేరవాదమా, మహాయానమా, వజ్రయానమా అన్నది కూడా అప్పుడే తెలుసుకోండి. పాళీ (థేరవాద గ్రంథాల భాష) సంప్రదాయంలో ‘ధమ్మం’, సంస్కృత సంప్రదాయంలో ‘ధర్మం’. సబ్‌టైటిల్స్‌లో రెండూ కలిసిపోతే తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. 1956 అక్టోబరు 14న నాగ్‌పూర్‌లో అంబేడ్కర్‌తో కలిసి బౌద్ధ దీక్ష తీసుకున్న కుటుంబాలవారితో మాట్లాడుతుంటే ధ్యానం గురించే అడిగి వదిలేయకండి. ఆ దీక్షలో సమానత్వం, ఆత్మగౌరవం ప్రధానం. ఆ ప్రశ్న వేయకపోతే సినిమాలో సగం లేనట్టే.

ఇక చిత్రీకరణ. థేరవాద భిక్షువులు మధ్యాహ్నం తర్వాత భోజనం చేయరు. పన్నెండుకు ముందు గంటన్నర సమయాన్ని ఎప్పుడూ కోరకండి. పౌర్ణమి, అమావాస్యల్లో ఉపోసథం (భిక్షువులు కలిసి నియమాలు పఠించే రోజు) ఉంటుంది, ఆ రోజులూ వద్దు. పారితోషికంగా డబ్బు చేతికివ్వబోవడం ఇబ్బందికరం. వినయం ప్రకారం భిక్షువులు డబ్బు ముట్టకూడదు. ఏదైనా ఇవ్వాలనుకుంటే విహారం వ్యవహారాలు చూసే గృహస్థులను అడగండి.

కాలర్ మైక్ దగ్గరే కొత్తవాళ్లు ఎక్కువగా పొరపాటు చేస్తారు. భిక్షువుకు స్త్రీలు, భిక్షుణికి పురుషులు మైక్ తగిలించకూడదు. అవసరమైన మనిషి బృందంలో లేకపోతే మైక్‌ను వాళ్ల ముందు పరిచిన గుడ్డ మీద ఉంచి, ఎలా పెట్టుకోవాలో నోటితో చెప్పండి. థేరవాద చీవరం చాలాసార్లు కుడి భుజాన్ని వదిలేసి ఎడమ భుజం మీదుగా వస్తుంది. మైక్‌ను ఆ ఎడమ అంచున, గడ్డానికి జానెడు కింద పెట్టించండి. మడతల లోపల పెడితే ప్రతి కదలికకూ గుడ్డ రాపిడి వినిపిస్తుంది, ఎడిటింగ్‌లో అది పూర్తిగా పోదు. అందుకే ఫ్రేముకు కాస్త పైన బూమ్ మైక్ (పొడవాటి కర్రకు బిగించేది) కూడా పెట్టి, రెండింటినీ వేర్వేరు ట్రాకుల్లో రికార్డు చేయండి. రికార్డింగ్ శబ్ద స్థాయి మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర తిరుగుతుంటే చాలు. ధ్యానమందిరం నిశ్శబ్దంగా ఉందని మన చెవి అనుకుంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఫ్యాను హోరు తెలుస్తుంది. అనుమతి అడిగి ఆపించండి. చివర్లో అందరూ కదలకుండా ఒక నిమిషం ఖాళీ గది శబ్దం తీసుకోండి. ఎడిటింగ్ కోతల మధ్య అతుకులు వినబడకుండా కప్పేది అదే.

మరో చిక్కు చూపుది. గురువు ఎత్తైన ఆసనం మీద, మీరు నేల మీద కూర్చుంటే ఆయన చూపు కిందికి వాలి, కెమెరాలో కళ్లు మూసుకున్నట్టు కనిపిస్తాయి. చిన్న పీట మీద కూర్చోవచ్చా అని అడగండి. కుదరకపోతే ట్రైపాడ్‌ను మీ తల ఎత్తుకు దించి, లెన్స్‌కు ఆనుకునే కూర్చోండి.

అనుమతి పత్రం షూటింగ్ ముందే ఇవ్వండి. ఎక్కడెక్కడ ప్రదర్శిస్తారో అందులో స్పష్టంగా రాయండి. భిక్షువు సంతకంతో పాటు విహారం పెద్దల అంగీకారం కూడా ఉండాలి. ధ్యాన శిబిరాల్లో మౌనం పాటిస్తున్నవాళ్లను దూరం నుంచి కూడా వాళ్లకు చెప్పకుండా తీయకండి.

వృత్తి సంగతి: ఒక్క బౌద్ధం మీదే డాక్యుమెంటరీలు తీస్తూ జీవనం గడపడం కష్టం. కానీ లోతుగా ఇంటర్వ్యూ చేయగల నేర్పు మౌఖిక చరిత్ర ప్రాజెక్టుల్లో, మ్యూజియాల్లో, డాక్యుమెంటరీ నిర్మాణ సంస్థల్లో పనికొస్తుంది. మొదట దొరికేది పరిశోధక సహాయకుడి పని, లేదా ఫుటేజ్ విని టైమ్‌కోడ్‌తో (ఏ మాట ఏ నిమిషం, ఏ సెకను దగ్గర ఉందో చూపే గుర్తు) రాసిపెట్టే పని. గంట సంభాషణను అక్షరరూపంలోకి తేవడానికి నాలుగు గంటలు పట్టడం మామూలే. విసుగనిపించినా ఇది వదలకండి. ఏ ప్రశ్నకు మనిషి తెరుచుకున్నాడో, ఏ ప్రశ్నకు మూసుకుపోయాడో అక్కడే కనబడుతుంది. దీనికి తోడు శబ్దగ్రహణమో ఎడిటింగో ఒకటి గట్టిగా నేర్చుకోండి, ఖాళీ నెలల్లో అన్నం పెట్టేది అదే. పాళీ పరిచయ కోర్సు దొరికితే చేయండి.

ప్రస్తుతానికి మీరు తీసిన నలుగురిలో బాగా కలిసిపోయిన ఒక్కరిని ఎంచుకుని, ఈసారి కెమెరా లేకుండా వెళ్లండి. ఒక పూట వాళ్ల దినచర్య చూసి, కనిపించిన పనుల మీదే పది ప్రశ్నలు రాసుకోండి. వాటితో మళ్లీ ఇంటర్వ్యూ చేసి ఆరు నుంచి ఎనిమిది నిమిషాల చిత్రంగా కూర్చండి. ఉద్యోగానికి దరఖాస్తు చేసేటప్పుడు నలుగురి గంటల కొద్దీ ఫుటేజ్‌కు బదులు దాన్నే పంపండి.