ఒకే స్ప్రింగ్‌కి బరువులతో కొలిస్తే ఒక స్థిరాంకం, ఊపి కొలిస్తే ఇంకొకటి: ఏది నమ్మాలి?

మీరిచ్చిన లెక్క ఇది. 60 గ్రాముల స్ప్రింగ్‌కి 100 గ్రాములు తగిలిస్తే 5 సెం.మీ. సాగింది, కాబట్టి స్థిరాంకం (స్ప్రింగ్‌ని మీటరు సాగదీయడానికి ఎంత బలం కావాలో చెప్పే అంకె) మీటరుకు 19.6 న్యూటన్లు. అదే బరువును ఊపితే 20 డోలనాలకు 13.8 సెకన్లు పట్టింది, ఆ ప్రకారం మీటరుకు 8.3. రెండూ తప్పే, పైగా ఒకటి పైకి, ఒకటి కిందికి తప్పుతోంది. సగటు తీసి సరిపెట్టుకోవద్దు. అసలు విలువ 10 దగ్గర ఉంది, అది మీ అంకెల్లోంచే బయటికి తీయొచ్చు.

ముందు ఊపిన లెక్క చూద్దాం. పుస్తకంలోని సూత్రం ప్రకారం, 4π² (అంటే 39.48)ని ద్రవ్యరాశితో గుణించి, ఆవర్తన కాలం (ఒక్క డోలనానికి పట్టే సమయం, మీకు 0.69 సెకన్లు) వర్గంతో భాగిస్తే స్థిరాంకం వస్తుంది. ఆ సూత్రం స్ప్రింగ్‌కి బరువే లేదనుకుంటుంది. కానీ బరువుతో పాటు స్ప్రింగూ ఊగుతుంది. పై కొన కదలదు, కింది కొన బరువు వేగంతోనే కదులుతుంది, మధ్య చుట్లు పై కొన నుంచి ఎంత దూరంలో ఉంటే అంత వేగం. అన్ని చుట్ల గతిజ శక్తినీ కూడితే, స్ప్రింగ్ ద్రవ్యరాశిలో మూడో వంతును కింది కొనకి అతికించినంత లెక్క తేలుతుంది. మీకైతే 20 గ్రాములు. 100కి బదులు 120 వేసి చూడండి: 39.48 × 0.12 ÷ (0.69 × 0.69) = 9.95. (ఈ మూడో వంతు అన్నది బరువు స్ప్రింగ్ కంటే తేలిక కానప్పుడే బాగా సరిపోతుంది. అసలేమీ తగిలించకుండా ఖాళీ స్ప్రింగ్‌నే ఊపితే అది 0.405 వంతు అవుతుంది.)

ఇక సాగదీసిన లెక్క. మీ స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి ఆనుకుని బిగుతుగా ఉండే రకం అయి ఉండాలి. అలాంటి వాటిలో తయారీలోనే కొంత బిగువు పెట్టి ఉంటారు, దాన్ని దాటేదాకా చుట్లు విడవవు. అంటే మీరు వేసిన బరువులో కొంత భాగం సాగుదలకు పని చేయనే లేదు. స్థిరాంకం 10 అయితే 5 సెం.మీ.కి అర న్యూటన్ చాలు, మిగతా 0.48 న్యూటన్లు, అంటే దాదాపు 49 గ్రాములు, ఆ బిగువుకే సరిపోయింది. స్ప్రింగ్ సొంత బరువు వల్ల పై చుట్లు ముందు, కింది చుట్లు చివర విచ్చుకుంటాయి. దగ్గరగా చూస్తే ఇది కంటికే తెలుస్తుంది. బరువుకీ సాగుదలకీ గీసిన గ్రాఫు తక్కువ బరువుల దగ్గర వంగేది అందుకే. కాబట్టి ఒక్క బరువుని దాని సాగుదలతో భాగించే పద్ధతి వదిలేయండి. చుట్లన్నీ విడిపోయాక వచ్చే సరళ రేఖ వాలు ఒక్కటే పనికొస్తుంది.

మీరు మళ్ళీ కొలవాల్సింది ఇలా: 200, 250, 300, 350, 400 గ్రాములు. ప్రతి బరువు దగ్గరా స్ప్రింగ్ కింది కొనకి పెట్టిన ముల్లు స్కేలు మీద ఎక్కడుందో రాసుకుని, వెంటనే ఊపి సమయం కూడా తీసుకోండి. 200కీ 400కీ మధ్య సాగుదల 19.6 సెం.మీ.కి దగ్గరగా రావాలి. 20 డోలనాలకు 200 గ్రాముల దగ్గర సుమారు 18.6 సెకన్లు, 400 దగ్గర 25.8 సెకన్లు రావాలి. అడ్డంగా ద్రవ్యరాశి, నిలువుగా ఆవర్తన కాలం వర్గం పెట్టి గ్రాఫు గీసి, వాలుతో 39.48ని భాగిస్తే స్థిరాంకం వస్తుంది. ఈ పద్ధతిలో స్ప్రింగ్ బరువు లెక్కలోకి తీసుకోకపోయినా పర్వాలేదు, అది వాలుని మార్చదు. గీతని వెనక్కి పొడిగిస్తే ద్రవ్యరాశి అక్షాన్ని మైనస్ 20 గ్రాముల దగ్గర తాకాలి. నాకు అన్నిటికంటే నమ్మకమైన తనిఖీ ఇదే.

బరువు తగిలించి చటుక్కున వదలకండి. 200 గ్రాములు అదనంగా వేసి వదిలేస్తే స్ప్రింగ్ 19.6 సెం.మీ. దగ్గర ఆగదు, దాదాపు 39 సెం.మీ. దాకా దిగుతుంది. ఎందుకంటే నెమ్మదిగా దించినప్పుడు, ఆ అదనపు బరువు కోల్పోయే స్థితిజ శక్తిలో సగమే స్ప్రింగ్‌లో చేరుతుంది, మిగతా సగాన్ని మీ చెయ్యి ఆపుకుంటుంది. చెయ్యి లేకపోతే ఆ సగం గతిజ శక్తిగా మారి స్ప్రింగ్‌ని ఇంకా కిందికి లాగుతుంది. స్థితిస్థాపక అవధి దాటిందంటే ఇక స్ప్రింగ్ పాత పొడవుకి రాదు. అందుకే బరువులు తీసేటప్పుడు కూడా రీడింగులు రాసుకోవాలి, ఎక్కించేటప్పటి వాటితో కలవకపోతే స్ప్రింగ్ మార్చండి.

సమయం తీసేటప్పుడు బరువు పై కొసన ఆగే చోటు చూసి లెక్కపెట్టొద్దు. అక్కడ అది నెమ్మదిస్తుంది కాబట్టి సరైన క్షణం దొరకదు. సమతాస్థితి (ఊగనప్పుడు బరువు నిలిచే చోటు) దగ్గర ఒక గుర్తు పెట్టుకుని, ఒకే దిశలో దాన్ని దాటినప్పుడల్లా లెక్కించండి, మొదటిది "సున్నా". 13.8 సెకన్లలో 0.2 తేడా వస్తే స్థిరాంకంలో దాదాపు 3 శాతం పోతుంది, కాలం వర్గంలో ఉంది కదా. కంపన పరిమితి (ఆ గుర్తు నుంచి బరువు ఎంత దూరం పోతుందో అది) 2, 3 సెం.మీ. చాలు. మరీ పైకి ఎగరనిస్తే కింది చుట్లు మూసుకుని ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి, అప్పుడది పై సూత్రం వర్తించే సరళ హరాత్మక చలనమే కాదు. గాలి వల్ల ఊపు తగ్గడం గురించి మాత్రం బెంగ వద్దు. 20 డోలనాల్లో కంపన పరిమితి సగానికి పడినా ఆవర్తన కాలంలో మార్పు లక్షకి 2 పాళ్ళ లోపే.

స్టాండు ఊగుతోందేమో చూసుకోండి. ఊగే కడ్డీ శ్రేణిలో కలిపిన రెండో స్ప్రింగ్ లాంటిది, స్థిరాంకాన్ని తగ్గించి చూపిస్తుంది. ఇంకొకటి: కొన్ని బరువుల దగ్గర పైకీ కిందికీ ఊగుతున్నది కాస్తా పక్కలకి లోలకంలా ఊగడం మొదలుపెడుతుంది. నిలువు ఊపు, లోలకం ఊపుకి సరిగ్గా రెండింతల వేగంగా ఉన్నప్పుడు శక్తి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోతుంది. బరువుని న్యూటన్లలో స్థిరాంకంతో భాగించి 4తో గుణించండి. వేలాడే మొత్తం పొడవు దానికి దగ్గరగా ఉంటే ఈ చిక్కు తప్పదు. ఆ రీడింగు పక్కన పెట్టి, 30, 40 గ్రాములు అటో ఇటో మార్చి మళ్ళీ తీయండి.